డబ్బా టీవీలో బొమ్మ వంకర తీసుకున్న నా అనుభవం

కాంట్రా అనే పాత వీడియో గేమ్ మొదటి స్టేజీలో మనోడు పరిగెత్తే నేల ఉంటది కదా, అది మా టీవీలో ఎడమ పక్క ఒక ఎత్తులో కుడి పక్క ఇంకో ఎత్తులో ఉండేది, మధ్యలో తాడు మీద తడిబట్టలు ఆరేస్తే కుంగినట్టు కుంగి ఉండేది. మొదటి రెండు రోజులు పట్టించుకోలా, ఇన్నేళ్ళకి మళ్ళీ డబ్బా టీవీ మీద ఆడతా ఉన్నా అనే సంతోషంలో ఉన్నా. కానీ ఒక్కసారి కంట్లో పడిందంటే ఇంక ఆట మీదకి మనసు పోదు, ఆ వంకర మీదకే పోతది. దాన్ని సరిచేసుకోటానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది, ఏం చేశానో ఎక్కడ తప్పు చేశానో అన్నీ రాస్తా ఉన్నా, ఇంట్లో పాత టీవీ మూలన పెట్టుకుని ఉన్నోళ్ళకి పనికొస్తది.

టీవీ కావలిలో మా పిన్ని వాళ్ళది. 21 ఇంచులు, ఫ్లాట్ ట్యూబ్, కొత్త ఎల్ఈడీ టీవీ వచ్చినాక సజ్జ మీదకి ఎక్కించి దుప్పటి కప్పారు. ఇస్తావా పిన్నీ అంటే "ఆ పాత డబ్బా నీకెందుకు నాయనా, తీస్కపో" అనింది. కావలి నుంచి నెల్లూరు యాభై కిలోమీటర్ల పైనే, ఫ్రెండ్ వాళ్ళ కారులో తెచ్చుకున్నాం. ఈ టీవీలకి బరువంతా ముందు అద్దంలోనే ఉంటది, ఎనక ఉత్త ప్లాస్టిక్ డొప్ప. అందుకని అద్దం మన పొట్టకి ఆనించుకుని పట్టుకోవాలి, కార్లో అయితే సీటుకి అద్దం ఆనేట్టు పెట్టి బెల్టు ఎయ్యాలి. ఎనక సన్నగా ఉండే గొట్టానికి దెబ్బ తగిలిందా, లోపలికి గాలి పోయి ట్యూబ్ అయిపోయినట్టే.

ఎల్ఈడీ టీవీ ఉండగా ఇదెందుకు అని ఇంట్లో అందరూ అడిగారు. నా దగ్గర చిన్నప్పటి క్యాసెట్ల వీడియో గేమ్ ఉంది, దానికి గన్ను కూడా ఉంది. గన్నుతో బాతుల్ని కాల్చే డక్ హంట్ గేమ్ ఎల్ఈడీ మీద ఆడి చూడండి, ఒక్క బాతు కూడా పడదు. గన్ను నొక్కంగానే గేమ్ ఒక్క క్షణం తెర మొత్తం నల్లగా చేసి బాతు ఉన్న చోట మాత్రం తెల్ల డబ్బా చూపిస్తది, గన్నులో ఉండే కన్ను ఆ వెలుగు అదే క్షణంలో వచ్చిందా లేదా అని చూస్తది. డబ్బా టీవీలో సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీత గీతగా తెర మీద పడిపోతది, కొత్త టీవీ మాత్రం బొమ్మని లోపల పట్టుకుని సాగదీసి ఆలస్యంగా చూపిస్తది, గన్ను చూసేటప్పటికి వెలుగు రాదు. నాకు ఆ బాతులు కావాలి, అంతే.

ఆన్ చేసిన మొదటి రోజే లోపల నుంచి చిటచిటమని సౌండు. కార్తీక మాసం, నాలుగు రోజుల నుంచి ముసురు, మన సముద్రపు గాలి తేమ సంగతి తెలిసిందే కదా. ట్యూబ్‌కి పోయే హై వోల్టేజి ఈ సైజు టీవీల్లో 25 వేల వోల్టుల దాకా ఉంటది, దుమ్ము మీద తడి పట్టిందంటే ఆ కరెంటు పక్కలకి కారతది, అదే ఆ చిటచిట. వెంటనే ఆపేశా. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తా, ఎనక డొప్ప విప్పి మనం చెయ్యి పెట్టకూడదు. ప్లగ్గు పీకినా ట్యూబ్‌లో చార్జి ఉండిపోతది, పైగా చాలా టీవీల్లో బోర్డు సగం మెయిన్స్ కరెంటుకి నేరుగా తగులుకునే ఉంటది. స్టోన్‌హౌస్‌పేటలో ఒక పెద్దాయన ఉన్నాడు, ముప్పై ఏళ్ళ పైన టీవీలే బాగుచేశాడు, ఇప్పుడు ఎక్కువగా మిక్సీలూ ఫ్యాన్లూ చేస్తా ఉన్నాడు. ఆయన వచ్చి చార్జి దించి, దుమ్మంతా బ్రష్షుతో దులిపి, ట్యూబ్ మీద ఆ రబ్బరు టోపీ కింద తుడిచి పెట్టాడు. చిటచిట పోయింది. బొమ్మ వంకర గురించి అడిగితే "ముందు రిమోట్‌తో అయినంత చేస్కో అబ్బయా, కానిది నేను చేస్తా, నువ్వు మాత్రం లోపల చెయ్యి పెట్టబాక" అన్నాడు.

సరే, ముందు అసలు వంకర ఎంతుందో కొలవాలి కదా. దీనికి 240పి టెస్ట్ సూట్ అని ఫ్రీగా దొరికే ప్రోగ్రాం ఉంది, గళ్ళు, గుండ్రాలు, రంగు పట్టీలు, అంచులు ఎంత కోసుకుపోతున్నాయో చూపించే తెర, అన్నీ ఉంటాయి. నా దగ్గర ఉన్న రాస్‌ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఎక్కించా. దానికి హెడ్‌ఫోన్ పిన్నులాంటి దాంట్లోనే వీడియో కూడా వస్తది, కాకపోతే ఆ కేబుల్ దగ్గర ఒక రోజంతా పోయింది. పిన్నుకి నాలుగు భాగాలు ఉంటాయి, ఈ బోర్డుకి మూడో భాగం ఎర్తు, లోపలి చివరది వీడియో. ట్రంక్ రోడ్డులో కొన్న కేబుల్‌లో ఆ రెండూ తారుమారు, బొమ్మ రాలా. అంగడాయన్ని అనేదేం లేదు, చూసేదానికి అన్నీ ఒకేమాదిరి ఉంటాయి. మల్టీమీటర్ పెట్టి ఏది దేనికి పోతుందో చూసుకుని ఇంకోటి తెచ్చుకున్నా. సెట్టింగ్స్ ఫైల్లో ఎస్‌డీటీవీ మోడ్ 18 పెడితే పాల్ (మన దేశపు టీవీ సిగ్నల్ పద్ధతి) 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు బొమ్మ పడతది, 16 పెడితే 60 హెర్ట్జ్, రెండూ ప్రోగ్రెసివ్. ఈ ప్రోగ్రెసివ్ పెట్టటం ముఖ్యం, ఎందుకంటే మామూలు టీవీ ప్రసారంలో బేసి గీతలు ఒకసారి సరి గీతలు ఒకసారి పడతాయి, పాత గేములు మాత్రం ప్రతిసారీ అవే గీతల మీద పడి మధ్యలో సన్నటి నల్ల సందు వదులుతాయి, ఆ సందులతో వచ్చే అందమే వేరు.

గళ్ళు తెర మీద పెట్టంగానే లోపాలన్నీ బయటపడ్డాయి. ఫోన్‌తో ఫోటో తీశా గానీ ఫోన్ లెన్స్ దగ్గరనుంచి తీస్తే అదే గీతల్ని వంచుతది, దాన్ని నమ్మకూడదు. మా నాయన మేస్త్రి, రిటైరయ్యి ఇంట్లోనే ఉన్నాడు, వచ్చి నా ఎనక నిలబడి ఒక నిమిషం చూసి లోపలికి పోయి రసమట్టం, దారం తెచ్చాడు. ముందు టీవీ స్టాండుకే మట్టం పెట్టాడు, స్టాండే కొంచెం వాలుంది, అట్టముక్క పెట్టి సరిచేశాడు. తర్వాత అద్దం మీద ఈ చివర నేను ఆ చివర ఆయన దారం లాగి పట్టుకుంటే గళ్ళ గీత దారం నుంచి ఎంత జారిందో స్కేలు పెట్టి కొలిచాం. అడ్డగీత ఎడమ నుంచి కుడికి 4 మిల్లీమీటర్లు వాలుంది. ఎడమ అంచు మధ్యలో లోపలికి 3 మిల్లీమీటర్లు నొక్కుకుపోయింది. పైన గళ్ళు పెద్దవి, కింద గళ్ళు చిన్నవి. మారియోలో పైన కుడి పక్క టైమ్ అని ఉంటది చూడండి, అది సగం అంచు కిందకి పోయి ఉంది. నాయన ఇవన్నీ నా నోటుబుక్కులో గోడ ప్లాను గీసినట్టు గీసిపెట్టాడు.

ఇంక సర్వీస్ మోడ్, అంటే బొమ్మ సైజు, ఆకారం లాంటివి మార్చేదానికి రిపేరు వాళ్ళ కోసం టీవీలో దాచిపెట్టిన మెనూ. ఇది ఒక్కో కంపెనీకి ఒక్కోరకం. సోనీలో చాలా మోడళ్ళకి టీవీని స్టాండ్‌బైలో పెట్టి రిమోట్ మీద డిస్‌ప్లే, 5, వాల్యూమ్ ప్లస్, పవర్ గబగబా నొక్కితే వస్తది, 1, 4 నొక్కితే ఐటమ్ మారతది, 3, 6 నొక్కితే నంబర్ మారతది. నాది వేరే కంపెనీ, దాని వరస వేరే. ఒరిజినల్ రిమోట్ లేదు, బజారులో దొరికే రిమోట్‌లో కావాల్సిన బటన్ లేదు, చివరికి మా బామ్మర్ది షావోమీ ఫోన్‌లో రిమోట్ ఆప్షన్ ఉంటే దాంతో లోపలికి పోగలిగా.

లోపలికి పోయినాక ఏ నంబరూ ముట్టుకోకముందే అన్ని పేజీలూ ఫోటో తీసుకోండి. అది సరిపోదు, కాగితం మీద కూడా రాసుకోండి. నేను రాసుకున్నాను కాబట్టే బతికిపోయా, ఎందుకంటే రెండో రోజు రాత్రి నిద్రమత్తులో బొమ్మ సైజు ఐటమ్ అనుకుని పక్కనున్న రంగు ఐటమ్ మార్చి సేవ్ చేసేశా, తెరంతా పసుపు పూసినట్టు అయింది. కాగితం చూసి పాత నంబర్ పెట్టేదాకా ప్రాణం గిలగిల్లాడింది. బొమ్మ ఆకారానికి సంబంధం లేని ఐటమ్స్ జోలికి పోవద్దు, కొన్ని ఐటమ్స్ ఆ బోర్డులో ఏ ఐసీ (చిప్పు) ఉందో చెప్పేవి ఉంటాయి, అవి మార్చితే టీవీ ఆన్ కాకుండా పోవచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టినా టీవీ అరగంట వెలిగి ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు సరిచేసింది వేడెక్కినాక మళ్ళీ జరుగుతది. నేను పోయిన వరస ఇది, ముందు నిలువు. బొమ్మ మధ్యకి తెచ్చుకోవటం, ఎత్తు, తర్వాత పైనా కిందా గళ్ళు సమానం చేసే లీనియారిటీ. లీనియారిటీ కదిపితే ఎత్తు మారతది, ఎత్తు మారిస్తే మధ్య పోతది, మళ్ళీ మొదటికి. ఒక్కోటి ఒక్క నంబరే మార్చి దారం పెట్టి చూసి మళ్ళీ ఇంకోటి. తర్వాత అడ్డం, అంటే వెడల్పు, ఎడమ కుడి స్థానం, అంచులు లోపలికి నొక్కుకుపోయినదాన్ని బయటికి లాగే పిన్‌కుషన్, పైన వెడల్పు కింద ఇరుకు ఉంటే దానికి ట్రెపీజియం. ఎడమ అంచు పిన్‌కుషన్‌తో నిటారు చేస్తే కుడి అంచు బయటికి ఉబ్బింది, ఎందుకంటే అది రెండు పక్కలా ఒకేసారి పనిచేస్తది. నా టీవీలో ఒక్క పక్కని మాత్రమే సరిచేసే ఐటమ్ లేదు. రెండు పక్కలా ఒకటిన్నర మిల్లీమీటర్ వదిలేశా, అది అంతే.

వారం రోజులు కూర్చుని 60 హెర్ట్జ్‌లో మంచిగా తెచ్చుకున్నా. తర్వాత నా క్యాసెట్ గేమ్ తగిలిస్తే మళ్ళీ పాత వంకరే! నిజంగా ఏడుపొచ్చింది. సంగతేందంటే చాలా టీవీలు 50 హెర్ట్జ్‌కీ 60 హెర్ట్జ్‌కీ నంబర్లు విడివిడిగా దాచుకుంటాయి. మన దేశంలో అమ్మిన ఆ క్యాసెట్ గేములు పాల్ 50 హెర్ట్జ్, పీఎస్2 లాంటి వాటిలో అమెరికా గేములు 60. మీరు ఏది ఎక్కువ ఆడతారో దాని సిగ్నల్ పెట్టుకునే సర్వీస్ మోడ్‌లోకి పోవాలి, రెండూ కావాలంటే రెండుసార్లు చెయ్యాలి. 50లో ఇంకో సంగతి, పాల్ తెరకి 288 గీతలు పడతాయి, గేమ్ గీసేది 240యే, అందుకే పైనా కిందా నల్ల పట్టీలు, బొమ్మ అణిగిపోయినట్టు ఉంటది, చిన్నప్పుడు మనం చూసిన మారియో ఆ పొట్టి మారియోనే. ఈ టీవీలో కేబుల్ చూసేది లేదు కాబట్టి నేను 50 హెర్ట్జ్ ఎత్తు పెంచి ఆ పట్టీలు తెర బయటికి పోయేట్టు పెట్టా, 240 గీతలతోనే తెర నిండింది, బొమ్మ ఆకారం దగ్గర దగ్గరగా 60లో ఉన్నట్టే వచ్చింది. ఇంట్లో వాళ్ళు అదే టీవీలో ఛానళ్ళు చూస్తుంటే మాత్రం ఇట్టా చెయ్యకూడదు, వార్తల్లో కింద పోయే అక్షరాలు తెగిపోతాయి.

ఇంక మిగిలింది రెండు. ఒకటి ఆ 4 మిల్లీమీటర్ల వాలు, రెండు, లీనియారిటీ చివరి నంబర్ దాకా పోయినా పైన గళ్ళు ఇంకా సాగే ఉన్నాయి. రెండూ రిమోట్‌తో అయ్యేవి కావు. పెద్దాయనకి ఫోన్ చేసి బొమ్మ వాలుగా ఉంది మామా అంటే ఆయన మొదట అడిగింది, "టీవీ యా దిక్కు చూస్తా ఉండాది?" అని. నాయన పక్కనుండి విని వాస్తు గురించేమో అనుకుని "ఉత్తరం" అని గట్టిగా చెప్పాడు. "పిన్ని ఇంట్లో యా దిక్కున్నిందో?" తూర్పు చూసేది. "అయితే ముందు తిప్పి చూడు."

నాకు తర్వాత చదివితే అర్థమయింది. ట్యూబ్ ఎనక నుంచి తెర మీదకి వచ్చే ఎలక్ట్రాన్ల దారిని భూమి అయస్కాంతం కూడా కొద్దిగా వంచుతది. టీవీ ఉత్తరమో దక్షిణమో చూస్తుంటే ఆ అయస్కాంతం ట్యూబ్ పొడుగునా ఉండి బొమ్మ మొత్తాన్ని కొంచెం తిప్పుతది. తూర్పో పడమరో చూస్తుంటే తిప్పటం తగ్గి బొమ్మ కొంచెం పైకో కిందకో జరుగుతది, అది రిమోట్‌తోనే సరిచేసుకోవచ్చు. మన దక్షిణాదిలో భూమి అయస్కాంతం ఎక్కువ భాగం నేలకి సమాంతరంగానే ఉంటది కాబట్టి దిక్కు తేడా బాగా తెలుస్తది. మంచం ఒక పక్కకి జరిపి స్టాండు తూర్పుకి తిప్పి, టీవీ పూర్తిగా ఆపి, అరగంట ఆగి ఆన్ చేశాం. ఆగటం ఎందుకంటే ఆన్ చెయ్యంగానే 'ధమ్' అని ఒక సౌండు వస్తది కదా, అది ట్యూబ్ చుట్టూ ఉండే కాయిల్ లోపలి రేకుకి పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే సౌండు, దాని పార్టు చల్లారితేనే మళ్ళీ పూర్తిగా పనిచేస్తది. దారం పెట్టి చూస్తే వాలు 4 నుంచి ఒకటిన్నరకి వచ్చింది! నాయన నా మొహం చూసి "చూశావా, దిక్కు" అన్నాడు, నేను మారు మాట్లాడలా. పక్కనే పెట్టిన పాత స్పీకర్ బాక్సు కూడా తీసేశా, దాని అయస్కాంతానికి మూలన ఆకుపచ్చ మరక పడతా ఉన్నింది.

ఆదివారం పెద్దాయన వచ్చాడు. ఆయన సంచిలో నుంచి ముందు తీసింది అద్దం, గడ్డం గీసుకునే అద్దం కంటే కొంచెం పెద్దది. టీవీకి ఎదురుగా కుర్చీ మీద దాన్ని నిలబెట్టాడు. ఎనక పని చేస్తా ఉంటే ముందు బొమ్మ కనపడదు కదా, అద్దంలో చూస్తా చేస్తాడు. ఎన్ని వేల టీవీలు అట్టా చూసుంటాడో, తిరగబడిన బొమ్మలో కూడా ఏ పక్క వాలిందో ఠక్కున చెప్పేస్తా ఉన్నాడు. నేను అట్టానే చూస్తా కూర్చున్నా, ఈ పని తెలిసినోళ్ళు మన ఊర్లో ఇంకెంతమంది మిగిలుంటారా అనిపించింది.

ముందు లీనియారిటీ. బొమ్మని పైకీ కిందకీ నడిపించే వర్టికల్ ఐసీ పక్కనుండే కండెన్సర్ చూపించి, "ఈ ఐసీ వేడికి ఇది ఎండిపోయింటది" అని పీకి కొత్తది ఏశాడు. దాని రేటు ఇరవై రూపాయలు కూడా లేదు. ఆన్ చేస్తే పైన సాగింది సర్దుకుంది, నేను చివరిదాకా తోసిన నంబర్ని మళ్ళీ ఎనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. అంటే నేను వారం రోజులు పాడైన పార్టుని నంబర్లతో కప్పుతా ఉన్నానన్నమాట. ఒక ఐటమ్ చివరి నంబర్ దాకా పోయినా చాలటం లేదంటే అక్కడ ఆగి లోపల ఏదో పోయిందని అర్థం చేసుకోండి, ఇది నాకు ముందే తెలిసుంటే బాగుండేది.

తర్వాత వాలు. ట్యూబ్ మెడ మీద రాగి తీగ చుట్టిన పెద్ద కాయిల్ ఉంటది, యోక్ అంటారు, ఎలక్ట్రాన్లని ఎడమ కుడి పైన కింద తిప్పేది అదే. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే బొమ్మ మొత్తం తిరగతది. టీవీ ఆపి, చార్జి దించి, స్క్రూ వదులుచేసి, యోక్‌కీ గాజుకీ మధ్య ఉండే మూడు రబ్బరు ముక్కల జిగురు మెల్లిగా ఊడదీసి, రవ్వంత తిప్పి, మళ్ళీ ఆన్ చేసి చూడటం. మూడోసారికి దారం గీత మీద కూర్చుంది. కానీ కింద కుడి మూలలో తెల్లగీత పక్కన సన్నగా ఎరుపు కనపడింది. ఆ రబ్బరు ముక్కలు కదిలితే మూడు రంగులూ ఒకచోట పడవు. అద్దంలో చూస్తా ఒక ముక్కని కొంచెం లోపలికి నొక్కాడు, ఎరుపు దాదాపు పోయింది. మెడ ఎనక ఉండే రింగు అయస్కాంతాల్ని మాత్రం ఆయన ముట్టుకోలా. ఎందుకు మామా అంటే, ఫ్యాక్టరీలో రంగేసి సీలు చేసింది, సగం మంది టీవీలు అవి తిప్పే పాడుచేసుకున్నారు అన్నాడు.

ఒకటి మాత్రం పోలా. తెర ఒక్కసారి తెల్లగా వెలిగితే బొమ్మ కొంచెం ఉబ్బతది, బాంబు పేలినప్పుడల్లా అంచులు ఊపిరి పీల్చినట్టు కదులుతాయి. వెలుగు పెరిగితే హై వోల్టేజి కొంచెం తగ్గుతది, ఓల్టేజి తగ్గితే బొమ్మ పెద్దదవుతది, ఈ సైజు టీవీల తయారీనే అంత. కాంట్రాస్ట్ తగ్గించుకుంటే బాగా తగ్గింది, ట్యూబ్‌కి కూడా మంచిది.

ఇదంతా అయినాక నేను ఇంకో పని చేశా, గళ్ళు పక్కనపెట్టి మారియో పెట్టుకుని నడిపించుకుంటా చూశా. గళ్ళు కదలవు కదా, గేమ్ కదులుతది. పచ్చ గొట్టం కుడి నుంచి ఎడమకి వస్తా ఉంటే ఎడమ అంచు దగ్గర కొంచెం లావెక్కింది, ఇది గళ్ళలో నాకు అస్సలు తెలీలా. అడ్డం లీనియారిటీకి మెనూలో ఐటమే లేదు, లోపల కాయిల్‌తో కంపెనీలో పెట్టేసిందే. అప్పుడు వెడల్పు రెండు నంబర్లు పెంచి ఆ లావెక్కే భాగాన్ని అంచు దాటించా, టైమ్ అనే అక్షరాలు మాత్రం లోపలే ఉండేట్టు చూసుకున్నా. అట్టనే ట్రెపీజియం కింద మూడో వంతుకి సరిపోయేట్టు పెట్టా, పైమూలలు కొంచెం వంగినా సరే. ఎందుకంటే మన కన్ను ఉండేది నేల మీద, మారియోకైనా కాంట్రాకైనా. పైన మబ్బు రెండు మిల్లీమీటర్లు వంగితే ఎవరు చూస్తారు? గళ్ళు నిటారుగా ఉన్నాయి అని చెప్పుకోటం కంటే ఆడేటప్పుడు కన్ను ఆగకుండా ఉండటమే నాకు కావాలి. కొందరికి ఇది నచ్చకపోవచ్చు, షూటింగ్ గేములు ఆడేవాళ్ళకి తెర అన్ని పక్కలా ఒకేలా కావాలి, వాళ్ళు వేరేగా పెట్టుకోవాలి.

రొట్టెల పండగకి అక్కావాళ్ళు పిల్లల్తో వచ్చారు. స్వర్ణాల చెరువు నుంచి ఇంటికొచ్చేటప్పటికి రాత్రి తొమ్మిది, అప్పుడు కూడా పిల్లలు గన్ను వదల్లేదు. పెద్దది తెరకి దగ్గరగా పోయి కాలుస్తుంటే దూరం జరగమని నాయన కుర్చీ ఎనక్కి లాగాడు. అక్క కూడా ఒక పది బాతులు కొట్టింది, చిన్నప్పుడు నాకు ఒక్క ఛాన్సు ఇచ్చేది కాదు.

నంబర్లన్నీ, 50కి ఒక వరస 60కి ఒక వరస, కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి టీవీ ఎనక డొప్పకి అంటించా. పెద్దాయన మొన్న మిక్సీ ఇవ్వటానికి వచ్చి అది చూసి, జేబులో పెన్సిల్ తీసి కింద ఆయన ఏసిన కండెన్సర్ విలువ, తేదీ రాసి పెట్టిపోయాడు.